మీటరు ఫొటో తీసి పెట్టుకోండి

సంపాదకులకు,

బ్రిటన్‌లో కరెంటు, గ్యాస్ ధరల గరిష్ఠ పరిమితిని అక్కడి ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ మూడు నెలలకోసారి మారుస్తుంది. స్మార్ట్ మీటరు లేనివాళ్లు ధర పెరిగేలోపు రీడింగ్ పంపకపోతే కంపెనీ అంచనా వేస్తుంది. పాత ధరకు వాడిన యూనిట్లు కొత్త ధరలో పడిపోవచ్చు.

2022 ఏప్రిల్ 1న పరిమితి ఒకేసారి 54 శాతం పెరిగింది. ముందురోజు రీడింగ్ పంపడానికి జనమంతా ఎగబడటంతో చాలా కంపెనీల వెబ్‌సైట్లు మొరాయించాయి. ఆ రాత్రి మీటరున్న మెట్లకింద అరలో దూరి, ఫోన్ టార్చి వెలుగులో తీసిన ఫొటోయే తర్వాత మా బిల్లు సరిచేయించింది. కొత్తగా వచ్చిన మన విద్యార్థులూ తేదీతో ఫొటో ఉంచుకోండి. గ్యాస్ మీటరులో ఎర్ర అంకెలు వదిలేయాలి.

ఆఖరిరోజు టెన్షన్ లేకుండా కంపెనీలన్నీ తర్వాత కూడా వారంపాటు పాత తేదీ రీడింగ్ తీసుకోవాలి.

- ఒక పాఠకురాలు, లెస్టర్