పెళ్లికి పాదిరి అక్కర్లేని రోజులు

సంపాదకులకు,

మధ్యయుగ ఐరోపాలో తండ్రి ఒప్పుకోకపోతే పెళ్లి చెల్లేది కాదని చాలామంది రాస్తుంటారు. పొరపాటు. 12వ శతాబ్దం చివరికే చర్చి చట్టం అడిగింది ఇద్దరి అంగీకారాన్ని మాత్రమే. కిటుకంతా క్రియాపదంలో ఉంది. ‘నిన్ను పెళ్లాడుతున్నాను’ అంటే అక్కడికక్కడే పెళ్లయినట్టు. ‘పెళ్లాడతాను’ అంటే నిశ్చితార్థమే. ఆ తర్వాత ఇద్దరూ శారీరకంగా కలిస్తే అదీ పెళ్లే. సాక్షులు లేనప్పుడు ఒకరు మాట తప్పితే రుజువు చేయడం గగనం. అందుకే 1215లో రోమ్‌లో జరిగిన చర్చి పెద్దల లాటరన్ సభ, జరగబోయే పెళ్లిని ముందే చర్చిలో చాటించాలన్న నియమం పెట్టింది. చాటింపు లేని పెళ్లి తప్పే గానీ రద్దయ్యేది కాదు. పెళ్లి కూడదనే బంధుత్వ హద్దును 7 తరాల నుంచి 4కు తగ్గించిందీ ఆ సభే. (మన మేనరికాలైతే రెండో తరంలోనే ఆగిపోయేవి!)

1469లో ఇంగ్లండ్‌లో మార్జరీ పాస్టన్ తమ ఎస్టేటు వ్యవహారాలు చూసే రిచర్డ్ కాల్‌ను రహస్యంగా పెళ్లాడింది. నారిచ్ బిషప్ ఆమెను గుచ్చి గుచ్చి అడిగింది ఒక్కటే: ఏ మాటలు అన్నావు? అవి చాలకపోతే ఇక్కడే ఇంకా గట్టిగా చెబుతానందామె. తల్లి గుమ్మం మూసేసింది, పెళ్లి మాత్రం నిలిచింది. పాదిరి, సాక్షులు ఉండి తీరాలన్న నియమం 1563లో కేథలిక్ చర్చి పెద్దల ట్రెంట్ సభతో వచ్చింది. అదీ కేథలిక్కులకే.

— ఒక చరిత్ర పాఠకుడు