వరద మ్యాపుతో పాటు దాని వెనక లెక్కలూ బయటపెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య మీ చెన్నై పేజీల్లో వస్తున్న ఫ్లాట్ల ప్రకటనల్లో ఒక కొత్త మాట చూస్తున్నాను. "కంప్యూటర్ సిమ్యులేషన్ చేయించాం, మా లేఅవుట్‌కి వరద భయం లేదు" అని. పక్కనే ఒక రంగుల మ్యాపు. నీళ్ళు నిలిచే చోట నీలం, నిలవని చోట ఆకుపచ్చ. ఆ మ్యాపు చూసి జీవితకాలం అప్పు తీసుకునే వాళ్ళు ఉన్నారు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది సూళ్ళూరుపేట దగ్గర పల్లె. చెన్నైలోని ఓఎంఆర్ రోడ్డు మీద ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చాలా ఏళ్ళు హైడ్రాలిక్స్, న్యూమరికల్ మెథడ్స్ చెప్పి రిటైరయ్యాను. ఇల్లు వేళచ్చేరిలో. నీళ్ళ లెక్కలు నాకు వృత్తి, ఇంట్లోకి వచ్చే నీళ్ళు ఇక్కడ అందరిలాగే నాకూ అనుభవం. కంప్యూటర్ మోడల్ అంటే నాకు చాలా గౌరవం. మోడల్ పేరు చెప్పి భరోసా అమ్ముతుంటే ఊరుకోలేకపోతున్నాను.

మా చెల్లెలి కొడుకు పెరుంబాకం వైపు ఒక ఫ్లాటు చూసుకున్నాడు. "పెద్దమ్మా, కంప్యూటర్లో వేసి చూశారంట, పాదాలు కూడా తడవవంట" అన్నాడు. రిపోర్టు తెప్పించమన్నాను. సేల్స్ ఆఫీసు వాళ్ళు ముందు మ్యాపు ఒక్కటే ఇచ్చారు. గట్టిగా అడిగితే మొత్తం రిపోర్టు వచ్చింది. మ్యాపు మొదటి పేజీలో నిండుగా ఉంది. ఆ మ్యాపు రావడానికి ఏమేం అనుకున్నారో, అది మాత్రం చివర్లో చిన్న అక్షరాల్లో ఉంది.

వాడిన సాఫ్ట్‌వేర్ మంచిదే. అమెరికా ఆర్మీ ఇంజనీర్ల సంస్థ ఉచితంగా ఇచ్చే హెక్-రాస్. దాని లోపల ఉన్నవి 1871లో ఫ్రాన్స్‌కి చెందిన సెయింట్ వెనాంట్ రాసిన సమీకరణాలు. ఒక చోటికి ఎన్ని నీళ్ళు వచ్చాయి, ఎన్ని పోయాయి, ఏ బలం వాటిని తోస్తోంది, ఏ రాపిడి ఆపుతోంది అన్నదే వాటి సారం. వాటిలో తప్పు లేదు. "మేడమ్, ప్రపంచమంతా వాడే సాఫ్ట్‌వేర్ ఇది" అని అక్కడి కుర్రాడు చెప్పింది నిజమే. అయితే సాఫ్ట్‌వేర్ మనం ఇచ్చిన ప్రశ్నకి జవాబు చెబుతుంది. ఆ ప్రశ్న సరైనదో కాదో చూడాల్సింది మనమే.

నార్వేలో 1991 ఆగస్టు 23న స్లైప్నర్ అనే సముద్రపు గ్యాస్ ప్లాట్‌ఫామ్ కాంక్రీటు పునాది పరీక్ష సమయంలోనే పగిలి మునిగిపోయింది. దాని డిజైన్ లెక్క నాస్ట్రాన్ అనే, అప్పటికే ప్రపంచమంతా నమ్మే సాఫ్ట్‌వేర్‌లో చేశారు. ఇలాంటి లెక్కలో కట్టడాన్ని చిన్న చిన్న గడులుగా విడగొడతారు. గోడలు కలిసే కీలకమైన చోట్ల ఆ గడులు మరీ పెద్దవిగా, సరైన ఆకారంలో లేకుండా వేయడంతో అక్కడి కోత ఒత్తిడిని, అంటే గోడని కోసినట్టు చీల్చే బలాన్ని, 47 శాతం తక్కువగా అంచనా వేశారు. తర్వాత జాగ్రత్తగా లెక్క వేస్తే 62 మీటర్ల లోతులో విరుగుతుందని వచ్చింది. నిజంగా విరిగింది 65 మీటర్ల దగ్గర. మోడల్ మీద నమ్మకం పెంచే కథే ఇది. సరిగ్గా వేసి ఉంటే అది ముందే చెప్పగలిగేది.

పెరుంబాకం రిపోర్టులో భూమి ఎత్తుల కోసం వాడింది 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో కొలిచిన డేటా. వరద లెక్కలోనూ నేలని గడులుగా విడగొడతారు. ఇక్కడ 30 మీటర్ల గడి. అంటే 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు ఉన్న స్థలానికంతా ఎత్తు ఒకటే. ముప్పై అడుగుల రోడ్డు, దాని పక్క కాలువ, కాంపౌండ్ గోడలు, ఎత్తు చేసి కట్టిన అరుగులు అన్నీ ఆ ఒక్క గడిలో కలిసిపోతాయి. ఆ డేటాలో ఎత్తు కొన్ని మీటర్లు తేడా రావడం మామూలే, ఎందుకంటే చెట్ల కొమ్మలూ మేడల కప్పులూ కూడా రాడార్‌కి నేలలాగే కనిపిస్తాయి. మనకి కావాల్సిందేమో మోకాలి లోతా, నడుం లోతా అన్న తేడా. పైగా 2000 నుంచి ఇప్పటిదాకా ఆ వైపు ఎన్ని చోట్ల మట్టి పోసి ఎత్తు చేశారో ఇక్కడ ఉన్నవాళ్ళకి తెలుసు. పెద్ద గడులు ఎందుకు వేస్తారో నాకు అర్థమవుతుంది. గడి పొడవు సగం చేస్తే గడులు నాలుగు రెట్లవుతాయి, లెక్క తప్పకుండా ఉండాలంటే సమయం అడుగు, అంటే లెక్క ఒక్కోసారి ముందుకి జరిగే సమయం, కూడా సగం చేయాలి, మొత్తం పని ఎనిమిది రెట్లు. కానీ కంప్యూటర్ ఖర్చు తగ్గించుకున్నప్పుడు మ్యాపు కింద ఆ సంగతి రాయాలి.

వాన విషయానికొస్తే, ఒక్క స్టేషన్ వానని ప్రాంతమంతా పరిచారు. 2015 డిసెంబరు 1న మొదలైన 24 గంటల్లో మీనంబాకంలో సుమారు 35 సెంటీమీటర్లు, తాంబరంలో 49 పడింది. ఆ రెంటికీ మధ్య లోకల్ రైల్లో ఎంత దూరమని? కాలువ నీళ్ళని ఎంత ఆపుతుందో చెప్పే గరుకుదనం అంకె ఒకటి ఉంటుంది. దానికి కొత్త కాంక్రీటుకి వాడే 0.015 వేశారు. గుర్రపుడెక్క, చెత్త నిండిన కాలువకి అది 0.05 దాటుతుంది. వాలూ లోతూ అవే ఉన్నా పారే నీళ్ళు మూడో వంతుకి పడిపోతాయి. ఆ కాలువ ఎలా ఉందో చూడటానికి సైట్ నుంచి నడుచుకుంటూ వెళ్ళొచ్చు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది వేరే ఉంది. మోడల్‌కి ఎక్కడో ఒక హద్దు గీయాలి. ఆ హద్దు దగ్గర నీళ్ళు ఎలా బయటికి పోతాయో మనమే చెప్పాలి. దీన్ని బౌండరీ కండిషన్ అంటాం. ఈ రిపోర్టులో అక్కడ "నార్మల్ డెప్త్" అని ఎంచుకున్నారు. హద్దు దాటాక కాలువ అదే వాలుతో, ఏ అడ్డూ లేకుండా సాగిపోతుందని దాని అర్థం. ఆ వైపు ఉన్న పళ్ళికరణై చిత్తడి నేల నీళ్ళు ఎటు పోతాయి? ఒక్కియం మడువు అనే కాలువ గుండా బకింగ్‌హాం కాలువలోకి, అక్కడి నుంచి దక్షిణంగా వెళ్ళి కోవళం మొగ దగ్గర సముద్రంలోకి. మా నెల్లూరు వైపు తీరం వెంట వచ్చే బకింగ్‌హాం కాలువే ఇది. అది ఎంత చదునుగా ఉంటుందో ఆ ఊళ్ళ వాళ్ళకి చెప్పక్కర్లేదు, పడవలు నడవడానికి తవ్విన కాలువ. దాని చివర సముద్రం ఉంది. సముద్రానికి ఆటుపోట్లు ఉన్నాయి. తుఫాను తీరం దగ్గర తిరుగుతుంటే నీటిమట్టం ఇంకా లేస్తుంది. అలాంటప్పుడు దిగువన లేచిన నీరు పైకి ఎంత దూరం పాకుతుందో చేతి లెక్కతోనే తెలుస్తుంది. వాలు 5000 మీటర్లకి ఒక మీటరు, నీటి లోతు 2 మీటర్లు అనుకుంటే, రెండూ గుణిస్తే 10,000 మీటర్లు. పది కిలోమీటర్ల వరకూ దాని ప్రభావం ఉంటుంది. ఈ రిపోర్టు రాసిన వాళ్ళు తమ మోడల్లో సముద్రాన్నే పెట్టలేదు. సముద్రం లేని చెన్నైలో ఆ స్థలం మునగకపోవచ్చు.

క్లాసులో పిల్లల్ని కంప్యూటర్ ముట్టుకోనిచ్చే ముందు కాగితం మీద ఒక బొమ్మ వేయించేదాన్ని. నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి, ఎక్కడికి పోవాలి, అక్కడ వాటిని ఆపేది ఏది, అని. ఆ బొమ్మ వేసిన మనిషి "నార్మల్ డెప్త్" అని పెట్టడు.

రిపోర్టులో ఇంకో వాక్యం ఉంది, "మోడల్ 2015 వరదతో సరిపోయింది" అని. ఏ ఇంటి గోడ మీద, ఎంత ఎత్తు నీటితో సరిపోయిందో లేదు. ఉందనే అనుకుందాం. 2015లో అడయారు వెంట వచ్చిన విపత్తులో నదిదే ప్రధాన పాత్ర. వాన మీద వాన పడి, చెంబరంబాకం చెరువు నుంచి 29,000 క్యూసెక్కులు వదలాల్సి వచ్చి, నది ఒడ్డు దాటింది. విమానాశ్రయం రన్‌వే కూడా మునిగింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చినప్పుడు మా వేళచ్చేరి, పళ్ళికరణై వైపు కథ వేరు. తుఫాను తీరానికి దగ్గరగా నెమ్మదిగా కదులుతూ రెండు రోజులు వాన కురిపించింది, పడిన నీళ్ళు దిగువకి పోలేక రోజుల తరబడి నిలిచాయి. గరుకుదనం అంకె అటూ ఇటూ జరిపి ఒక వరదకి మోడల్‌ని సరిపెట్టడం కష్టం కాదు. అంకెలు మార్చకుండా అదే మోడల్‌కి రెండో వరద ఇచ్చి, అప్పుడు ఏం చెబుతుందో చూడాలి. అసలు పరీక్ష అది. 2015తో సరిచేసి 2023తో పరీక్షించిన రిపోర్టు ఎవరైనా చూపిస్తే నేను సంతోషంగా చదువుతాను.

వాతావరణ మోడళ్ళని మనం ఎందుకు నమ్ముతున్నాం? అదే మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటుతుందని ముందే చెప్పారు, డిసెంబరు 5న అక్కడే దాటింది. వేల మంది ముందుగా సురక్షిత చోట్లకి వెళ్ళగలిగారు. ఆ మోడళ్ళ వెనక ఉన్న బలం కంప్యూటర్ ఒక్కటే కాదు. నిన్న చెప్పిన ప్రతి అంచనాని ఇవాళ కొలతలతో పోల్చి చూస్తారు. ప్రతి రోజూ పరీక్షే. నగరంలో వీధి వరద మోడల్‌కి ఆ అవకాశం కొన్నేళ్ళకి ఒకసారి వస్తుంది. వచ్చిన ఆ ఒక్కసారి కూడా మనం వదిలేస్తున్నాం. డిసెంబరులో గోడ మీద బురద గీత పడుతుంది, సంక్రాంతికి సున్నం వేసేస్తాం. ఆ గీతతో పాటు మోడల్‌ని నిలదీయగల ఏకైక సాక్ష్యం పోతుంది.

2015 తర్వాత కేంద్ర ప్రభుత్వం చెన్నైకి సి-ఫ్లోస్ అనే వరద హెచ్చరిక వ్యవస్థ తయారు చేయించింది. పళ్ళికరణైలోనే ఉన్న జాతీయ తీర పరిశోధన కేంద్రంతో పాటు ఐఐటీ బొంబాయి, ఐఐటీ మద్రాసు, అన్నా యూనివర్సిటీ అందులో పనిచేశాయి. నది, వాన, సముద్రం మూడింటినీ కలిపి చూసే ఇలాంటి పనే మనకి కావాలి. దాన్ని మెరుగుపరచడానికి కావాల్సిన కొలతలు మన గోడల మీద ఉన్నాయి. వాటిని అందించే దారి ప్రజలకి తెలియాలి.

కొనేవాళ్ళకి ఒక మాట. మ్యాపు చూపిస్తే, వాన ఎక్కడిది, భూమి ఎత్తులు ఏ ఏడాదివి, హద్దు దగ్గర సముద్ర మట్టం ఎంత పెట్టారు, ఏ వరద గుర్తులతో పోల్చారు అని అడగండి. ఇంజనీర్లు కానక్కర్లేదు. జవాబు కాగితం మీద ఇవ్వకపోతే ఆ మ్యాపుని లెక్కలోకి తీసుకోకండి. మా చెల్లెలి కొడుకు అడిగాడు. జవాబు రాలేదు. అడ్వాన్సు ఇవ్వలేదు.

మీ పత్రికకి రెండు విన్నపాలు. వరద భయం లేదని చెప్పే ప్రకటన వేసేటప్పుడు ఈ నాలుగు వివరాలూ అందులోనే ఉండాలని అడగండి. మీకు ఆ అధికారం ఉంది, అంత స్థలం కూడా పట్టదు.

రెండోది, అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యేలోపు మీ చెన్నై పేజీలో కత్తిరించి దాచుకునే చిన్న ఫారం ఒకటి ప్రచురించండి. నీళ్ళు దిగిపోయాక, తుడవక ముందే, బురద గీత ఎక్కడి దాకా ఉందో రోడ్డు మట్టం నుంచి టేపుతో కొలవాలి. గేటు దగ్గర ఆరిపోని పెయింటుతో గీత గీసి తేదీ వేయాలి. నీళ్ళు ఏ టైముకి ఎక్కాయి, ఎప్పుడు దిగడం మొదలైంది, కరెంటు ఎప్పుడు పోయింది కూడా రాయాలి, టైము గుర్తు చేసుకోవడానికి కరెంటు పోయిన టైము బాగా పనికొస్తుంది. ఫోటోలో టేపు అంకె కనిపించాలి. రోడ్డు ఎత్తు ఎంతో తేల్చే పని సివిల్ ఇంజనీరింగ్ కాలేజీలకి అప్పగించవచ్చు. ఎత్తులు కొలిచే ఆటో లెవెల్ పరికరం ప్రతి కాలేజీ ల్యాబ్‌లో ఉంటుంది, పిల్లలు వీధి వీధికీ తిరిగి ఆ గీతల్ని సముద్ర మట్టంతో ముడిపెడితే, బయట కొనుక్కొచ్చే ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల కంటే వాళ్ళకి ఎంతో చదువు వస్తుంది. మా వీధిలో నేర్పించడానికి నేను సిద్ధం.

ఫారం నమూనా కావాలంటే ఒక పేజీలో రాసి పంపుతాను.

ఇట్లు,
హైడ్రాలిక్స్ విశ్రాంత అధ్యాపకురాలు,
వేళచ్చేరి, చెన్నై