65 చదరపు మీటర్లు ఇప్పించండి, మంత్రిగారూ

రాష్ట్ర క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా పి.ఈ.టి.గా పనిచేసి రిటైరయ్యాను. అయినా పొద్దున్నే ఐదింటికి గ్రౌండుకు వెళ్లడం మానలేదు. ఆమదాలవలస దగ్గర మా ఊరి పిల్లలు పదిహేను మంది దాకా వస్తారు. వాళ్లలో ఒక అమ్మాయి కాలి మడమ గురించి మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ అమ్మాయి తొమ్మిదో తరగతి. ట్రిపుల్ జంప్, అంటే ఆగకుండా వరసగా మూడు గెంతులు, చేస్తుంది. మొదట లాంగ్ జంప్‌లో పెడదామనుకున్నాను. కానీ చిన్నప్పటి నుంచీ పొలం గట్ల మీద పరిగెత్తుతూ కాలవలు దాటిన పిల్ల. ఏ కాలితో లేచిందో అదే కాలి మీద పడి, ఆగకుండా రెండో కాలు వేసి మళ్లీ లేవడం నేను నేర్పకముందే ఆమెకు వచ్చు. అలాంటి పిల్లలు నా సర్వీసులో ముగ్గురో నలుగురో కనిపించారు.

మా గ్రౌండులో ఉన్న ఇసుక పిట్ లాంగ్ జంప్ కోసం తవ్వింది. కాలు ఆనించి ఎగిరే బోర్డు పిట్‌కు రెండు మీటర్ల దూరంలోనే ఉంటుంది. లాంగ్ జంప్‌లో బోర్డు మీంచి లేచినవాళ్లు నేరుగా ఇసుకలో పడతారు. ట్రిపుల్ జంప్‌లో అలా కాదు. మొదటి రెండూ, అంటే హాప్, స్టెప్, నేల మీదే. మూడోది మాత్రమే ఇసుకలో. పూర్తి వేగంతో వచ్చి గాల్లోంచి దిగేటప్పుడు ఒంటి బరువుకు ఎన్నో రెట్లు ఒక్క కాలి మీద పడుతుంది. ఆ దెబ్బకు తట్టుకోవడానికే సింథటిక్ రన్‌వే, అంటే రబ్బరులా సాగే పరుగు దారి, కావాలి. మా పిల్ల కాలు పడేది కంకర తేలిన ఎర్రమట్టి మీద.

సున్నంతో గీత గీసి, అదే బోర్డనుకోమంటాను. కాలు పడే చోట గోనె సంచులు నాలుగు మడతలు వేసి పరిచి చూశాం. హాప్‌లో కాలు ఆనగానే గోనె జారి పక్కకు పడింది. మోకాలు చెక్కుకుపోయింది. ఆ రోజే తీసేశాం. మొన్న ప్రాక్టీస్ మధ్యలో గట్టు మీద కూర్చుని మడమ చూపించింది. పైకి ఏమీ లేదు. బొటనవేలితో నొక్కితే పళ్లు బిగబట్టింది. "కాలు ఆనితే ముల్లు దిగినట్టుంటంది మాస్టారూ" అంది. వారం రోజులు గెంతొద్దన్నాను. మూడో రోజుకే వచ్చి, మిగతావాళ్ల స్పైక్స్ బూట్లకు అంటిన మట్టి గీకి పెడుతూ కూర్చుంది.

కిందటేడు పై పోటీలకు వెళ్లినప్పుడు మొదటిసారి సింథటిక్ చూసింది. మూడు అవకాశాలూ ఫౌల్. మూడుసార్లూ కాలు బోర్డు దాటి పడింది. అందరూ టెన్షన్ అన్నారు. టెన్షన్ కాదండీ. మట్టి మీద ఆమె అడుగు ఒక కొలత. సింథటిక్ మీద అదే అడుగు ఇంకాస్త సాగుతుంది. బోర్డు దాకా పదహారు అంగలు వేసే రనప్‌లో అంగకు రెండంగుళాలు పెరిగినా, చివరికొచ్చేసరికి ముప్పై రెండంగుళాలు ముందుకు వెళ్లిపోతుంది. బోర్డు వెడల్పేమో 20 సెంటీమీటర్లు. ఆ ఫౌల్స్‌కు బాధ్యత ఆ పిల్లది కాదు. ఆమెను ఎర్రమట్టి మీదే తయారుచేసి పంపిన మా పెద్దవాళ్లది.

ఒకరోజు పిల్లలకు రికార్డులు నోటితో చెప్పడం మానేసి, టేపు పట్టి నేల మీద గీశాను. సున్నం గీత నుంచి 14.11 మీటర్ల దగ్గర ఒక ఇటుక పెట్టాను. అది కేరళ అమ్మాయి మయూఖా జానీ 2011లో దూకిన దూరం. 14 మీటర్లు దాటిన మొదటి భారత మహిళ ఆమే. 15.74 దగ్గర ఇంకో ఇటుక. వెనిజులాకు చెందిన యులిమార్ రోహాస్ 2022లో బెల్‌గ్రేడ్‌లో నెలకొల్పిన మహిళల ప్రపంచ రికార్డు. 17.37 దగ్గర తమిళనాడు కుర్రాడు ప్రవీణ్ చిత్రవేల్, 2023లో హవానాలో. చివరి ఇటుక 18.29 దగ్గర. 1995లో గోథెన్‌బర్గ్‌లో బ్రిటన్ అథ్లెట్ జొనాథన్ ఎడ్వర్డ్స్ దూకిన దూరం అది. ఆ రోజు మొదటి జంప్‌లోనే 18.16తో పురుషుల ప్రపంచ రికార్డు కొట్టి, రెండో జంప్‌లో దాన్నీ దాటేశాడు. మా వాళ్లు ఆ ఇటుక దాకా నడిచి వెళ్లి, వెనక్కి తిరిగి సున్నం గీత వైపు చూసి కాసేపు మాట్లాడలేదు. మా అమ్మాయి మాత్రం 14.11 ఇటుక పక్కన నిలబడింది.

ఇది మనవాళ్లకు అందని ఆట కాదు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో ఎల్దోస్ పాల్ 17.03తో స్వర్ణం, అబ్దుల్లా అబూబకర్ 17.02తో రజతం తెచ్చారు. ఇద్దరూ కేరళ వాళ్లే. తేడా ఒక్క సెంటీమీటరు.

మా జిల్లాల పిల్లల్లో బలం లేదని ఎవరూ అనలేరు. మా పక్కనున్న ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో వెయిట్‌లిఫ్టింగ్‌లో రెండు లిఫ్టులూ కలిపి 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత మహిళ అయింది. విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలో కొండవెలగాడ అంటే వెయిట్‌లిఫ్టర్ల ఊరు. బార్, ప్లేట్లు, ఒక గది ఉంటే ఆ ఆట మొదలవుతుంది. అవి ఉన్న చోట పిల్లలు లేచారు. ట్రిపుల్ జంప్‌కు ఆ బార్ లాంటిది రన్‌వే. అది మాకు లేదు.

స్టేడియం కట్టమని అడగడం లేదు. 400 మీటర్ల ట్రాక్ కూడా అడగడం లేదు. ఆ మాట ఎత్తితే ఫైలు ఎన్నేళ్లు తిరుగుతుందో సర్వీసులో చూశాను. మాకు కావలసింది 40 మీటర్ల రనప్, దాని తర్వాత కాళ్లు పడే 13 మీటర్లు, 1.22 మీటర్ల వెడల్పున. లెక్క కడితే 65 చదరపు మీటర్లు కూడా కాదు. ఒక మామూలు ఇంటి పాటి జాగా. శ్రీకాకుళంలో ఒకటి, విజయనగరంలో ఒకటి వేయించండి. బోర్డులు మూడు చోట్ల బిగించాలి. అంతర్జాతీయ పోటీల్లో బోర్డుకూ పిట్‌కూ మధ్య దూరం మగవాళ్లకు 13 మీటర్లు, ఆడవాళ్లకు 11. కొత్తగా నేర్చుకునే పిల్లలకు 9 దగ్గర ఇంకోటి ఉండాలి. కాంట్రాక్టరు ఒక్క బోర్డుతో సరిపెడతానంటే ఒప్పుకోవద్దని మీ ఇంజనీర్లకు గట్టిగా చెప్పండి. ఒక్క బోర్డే వేస్తే చిన్నపిల్లలు ఇసుక అందక నేల మీదే పడతారు.

ఇసుక సంగతి మాకు వదిలేయండి. నాగావళి పక్కనే ఉంది. మీ శాఖ అనుమతి కాగితం ఒక్కటి ఇప్పిస్తే, ఇసుక తెచ్చి జల్లెడ పట్టి పిట్ నింపే పని నేనూ పిల్లల తల్లిదండ్రులూ చేసుకుంటాం. వేసవి సెలవుల్లోపు పని మొదలైతే, వానలు పడే లోపు మా అమ్మాయి మడమకు కాస్త ఊరట దొరుకుతుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు,
ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా