నల్లబడ్డ వెండి చెంచా

సంపాదకులకు నమస్కారం.

ముప్పై ఏళ్లు కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో అసిస్టెంట్‌గా చేసి రిటైరయ్యాను. పేపరు రోజూ మొదటి పేజీ నుంచి చివరి దాకా చదువుతాను. ‘రసాయనం’ అన్న మాట ఎక్కడ కనిపించినా పక్కనే కల్తీయో, పేలుడో, జబ్బో ఉంటుంది. ప్రకటనల్లో ‘రసాయనాలు లేని సబ్బు’ అని వేస్తారు. నూనెకు క్షారం కలిపితే పుట్టేదే సబ్బు, అది రసాయనం కాకపోతే మరేమిటి? మొన్న ఆరో తరగతి చదివే మా మనవరాలు గ్లాసు చేత్తో పట్టుకుని, ‘తాతయ్యా, ఈ నీళ్లలో కెమికల్స్ ఉంటాయా?’ అని భయంగా అడిగింది. నీళ్లే ఒక కెమికల్ అమ్మా అంటే నమ్మలేదు.

అందుకే నల్లబడిపోయిన ఒక వెండి చెంచా తీశాను. గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, చెంచా దానికి తగిలేలా వాలుగా పెట్టి, గుప్పెడు వంటసోడా చల్లమన్నాను. మరిగే నీళ్లు మాత్రం నేనే పోశాను. బుసబుసమని నురగ లేచింది. కాసేపటికి కుళ్లిన గుడ్డు వాసన సన్నగా తగిలితే పిల్ల ముక్కు మూసుకుంది. బయటికి తీస్తే, మునిగినంత మేర చెంచా తెల్లగా మెరుస్తోంది, పట్టుకునే కాడ మాత్రం నల్లగానే ఉంది. నలుపుకీ తెలుపుకీ మధ్య గీత గీసినట్టుంది. ఆ గీత మీద వేలితో అటూ ఇటూ రాస్తూ చాలాసేపు కూర్చుంది.

వెండి మీది నలుపు మురికి కాదు. గాలిలో ఉండే గంధకపు వాయువులు వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అవుతాయి. పొడి వేసి తోమితే నలుపుతో పాటు కాస్త వెండీ అరిగిపోతుంది. ఈ గిన్నెలో అలా కాదు. అల్యూమినియం తన ఎలక్ట్రాన్లు ఇచ్చేస్తుంది, వెండి తిరిగి వెండై చెంచా మీదే నిలుస్తుంది, గంధకం విడిపోతుంది. వాసన దాని నుంచి పుట్టే వాయువుది. (రాళ్లు పొదిగిన వస్తువులు మాత్రం ఇలా ముంచకండి.)

ఇంకోటి కూడా చెప్పాలి. ఇనుప కడ్డీ పట్టుకుంటే చేతికి అంటుకునే వాసన ఇనుముదే అని నేనూ అనుకునేవాణ్ణి. కాదని 2006లో వెలువడిన పరిశోధన చెప్పింది. చెమటకు ఇనుము రవ్వంత కరిగి, చర్మం మీది కొవ్వు పదార్థాలను విడగొడుతుంది. అప్పుడు పుట్టే వాసనల్లో ముఖ్యమైనది పుట్టగొడుగుల్లోనూ ఉండే పదార్థమే. అంటే అది మన చేతి వాసన!

మీ పిల్లల పేజీలో వారానికి ఒక్క చిన్న ప్రయోగానికి చోటివ్వండి. జాగ్రత్తలూ కారణంతో సహా రాయండి. ‘బ్లీచ్‌లో యాసిడ్ కలపొద్దు’ అని ఊరుకుంటే గుర్తుండదు. కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది అని చెబితే పిల్లలే ఇంట్లో పెద్దవాళ్లను ఆపుతారు.

మీరు సరేనంటే మొదటి వారానికి చెంచా ప్రయోగం కొలతలతో సహా రాసి పంపుతాను. కాడ ఇంకా నల్లగానే ఉంచాం.

ఇట్లు,
ఒక విశ్రాంత ల్యాబ్ అసిస్టెంట్