ఐలాను ‘ఇస్లా’ అని అచ్చు వేయవద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పసిపిల్లల పేర్ల శీర్షిక కింద విదేశీ పేర్లను పరిచయం చేస్తూ, స్కాట్లాండులో ‘ఇస్లా’ అనే పేరు బాగా వాడుకలో ఉందనీ, దానికి ద్వీపమని అర్థమనీ రాశారు. వాడుకలో ఉన్న మాట నిజమే గాని, తక్కిన రెండూ సరికావు. ఆ పేరును అక్కడ ఐలా అని పిలుస్తారు. ఇంగ్లిషు రాతలో నడుమ ‘ఎస్’ ఉంటుంది, దాన్ని ఎవరూ పలకరు. ఇస్లా అన్నది స్పానిష్ మాట, ద్వీపమనే అర్థమూ దానిదే. రాత ఒక్కటే కావడం వల్ల ఒకదాని అర్థాన్ని మరొకదానికి అంటగట్టారు.

మా పెద్దమ్మాయి కుటుంబం గ్లాస్గోలో ఉంటుంది కనుక ఈ సంగతి నాకు తెలిసింది. రెండో తరగతి చదివే మా మనుమరాలి సెక్షన్లో ముగ్గురు ఐలాలు ఉన్నారు. ఆమె ఫోనులో స్నేహితురాలి గురించి చెప్పినప్పుడల్లా మా ఇంటావిడ “మీ ఐలమ్మ మంచిగున్నదా?” అని అడుగుతుంది. మొదట్లో నేను నవ్వాను గాని, తరువాత ఆలోచిస్తే ఆమె పోలిక మీ శీర్షికలోని అర్థం కంటే నిజానికి దగ్గరగా ఉందనిపించింది.

ఎందుకంటే ఐలమ్మ వలెనే ఐలా కూడా ఒక చోటు మీద వచ్చిన పేరు. స్కాట్లాండు పడమటి తీరాన హెబ్రిడీస్ దీవుల్లో ఐలా అనే దీవి ఉంది. ఇంగ్లిషులో దాని పేరు చివర ఒక ‘వై’ అదనంగా రాస్తారు, పలకడం మాత్రం అదే విధంగా పలుకుతారు. పీట్ అనే నల్లటి బురదమట్టిని ఎండబెట్టి, దాని పొగకు ఆరబెట్టిన బార్లీతో చేసే విస్కీ వల్ల ఆ దీవి లోకమంతటికీ తెలుసు. సెయింట్ కొలంబా అనే క్రైస్తవ సన్యాసి జీవితం గురించి 7వ శతాబ్దం చివరలో లాటినులో రాసిన గ్రంథంలోనే దాని ప్రస్తావన ఉంది. అంత పాత పేరు కనుకనే దాని అసలు అర్థం మీద పండితులు నేటికీ ఒక మాట మీదికి రాలేదు. నల్లగొండ అన్న మాటలో కొండ కనబడుతుంది, ఐలా అన్న మాటలో మాత్రం దీవి కనబడదు. అదే పేరుతో స్కాట్లాండులో నదులు కూడా ఉన్నాయి.

ఈ పేరును ఆడపిల్లలకు పెట్టడం 19వ శతాబ్దం నుంచి ఉన్నా, చాలాకాలం అది స్కాటిష్ కుటుంబాలను దాటి బయటికి రాలేదు. 1944లో మన బెంగళూరులోనే పుట్టిన నటి ఐలా బ్లెయిర్ ఆ పాత వరుసకు చెందినవారు. స్కాటిష్ తల్లిదండ్రులకు 1976లో మస్కట్‌లో పుట్టిన ఐలా ఫిషర్ 2005 ప్రాంతంలో హాలీవుడ్ తారగా పేరు తెచ్చుకున్నాక కథ మారింది. 2008లో అది అమెరికాలో మొదటి వెయ్యి పేర్లలో చేరింది. 2015లో ఇంగ్లండు, వేల్సులలో నాలుగో స్థానానికి వచ్చింది. 2020లో సొంతగడ్డ మీద ఆడపిల్లల పేర్లలో మొదటిదైంది. సినిమాతార ఒక్కరే దీనికి కారణమని నేననుకోను. ఏవా, మియా, ఎల్లా వంటి రెండక్షరాల పేర్ల మీద మోజు అప్పటికే ఉంది, మన దగ్గర ఇప్పుడు ఉన్నట్లే.

పేర్ల మోజు వచ్చినట్లే పోతుంది కూడా. మా మనుమరాలి తరగతికి చెప్పే పంతులమ్మ పేరు ఫియోనా. పిల్లల్లో మాత్రం ఫియోనా ఒక్కరూ లేరట. తెలుపు అనే అర్థమున్న గేలిక్ (స్కాట్లాండు పాత భాష) మాట నుంచి 18వ శతాబ్దంలో జేమ్స్ మెక్‌ఫెర్సన్ అనే స్కాటిష్ కవి తన కావ్యాల కోసం తయారు చేసిన పేరు అది. 1890లలో విలియం షార్ప్ అనే రచయిత ఫియోనా మెక్లౌడ్ అన్న మారుపేరుతో రాయడంతో జనంలోకి వచ్చింది. ఆ ఫియోనా పురుషుడన్న సంగతి 1905లో ఆయన చనిపోయాకే లోకానికి తెలిసింది. 20వ శతాబ్దం నడుమ వీధికొకరు ఉన్న ఆ పేరు ఇప్పుడు తల్లుల, పంతులమ్మల పేరైంది.

ఇక ఐలమ్మ సంగతి. మా నాయనమ్మ పేరూ అదే, ఆమెది జనగామ వైపు. వాళ్ల ఇంట్లో పిల్లలు దక్కకపోతే ఐలోని మల్లన్నకు మొక్కుకొని మా నాయనమ్మకు ఆ పేరు పెట్టారు. ఐలోని అంటే కాగితాల మీద ఐనవోలు. పాలకుర్తిలో దేశ్‌ముఖుకు ఎదురు నిలిచిన చాకలి ఐలమ్మదీ ఆ పేరే. పాలకుర్తి దిక్కు అప్పట్లో మన నల్లగొండ జిల్లాలోనే ఉండేది. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకున్న హిందువుల ఇళ్లలో సైదులు, సైదమ్మ ఉంటారు. పాలమూరులో కురుమూర్తి స్వామి పేరు మీద కుర్మయ్యలు ఉంటారు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు హాజరుపట్టీలో ఈ పేర్లు పుటకు నాలుగైదు ఉండేవి, విరమణ చేసే ఏడాది మా బడి మొత్తం మీద ఒక్క సైదులును పిలిచాను.

కనుక రానున్న సంచికలో ‘ఐలా’ అని సవరణ వేయగలరు. అదే శీర్షికలో, వీలైతే ఒక వారం, మన క్షేత్రాల మీద వచ్చిన పేర్లకూ చోటివ్వగలరు. వాటికి సంస్కృతంలో అర్థం వెతకనవసరం లేదు, ఏ గుట్ట, ఏ దర్గా, ఏ జాతర అన్నది రాస్తే చాలు.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
నకిరేకల్, నల్లగొండ జిల్లా.