కాటికాపరికి చట్టంలో చోటివ్వండి: పురపాలక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు. నేను ఒక పట్టణ శ్మశానవాటికలో కాటికాపరిని. మా నాన్న తర్వాత ఈ పని నాకు వచ్చింది. ప్రజావాణిలో, మున్సిపల్ కార్యాలయంలో ఇచ్చిన అర్జీలకు రసీదులు తప్ప జవాబు రాలేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

శవం రాగానే పేరు, వయసు, ఊరు రిజిస్టరులో రాసి, చీటీ ఇచ్చేది నేనే. శ్మశానం చూసుకునేవారు అక్కడికి వచ్చిన ప్రతి మరణాన్నీ రిజిస్ట్రారుకు తెలపాలని 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 10వ సెక్షన్ చెబుతోంది. తెలపకపోతే జరిమానా. పని చేయించుకునేటప్పుడు నన్ను గుర్తుపట్టిన చట్టం, శ్మశానం మీదికి ఎవరైనా వచ్చినప్పుడు ఎందుకు గుర్తుపట్టదు?

వానాకాలంలో ఒక అర్ధరాత్రి జేసీబీ వచ్చింది. ప్రహరీ కూల్చి, చిన్నపిల్లలను పూడ్చిన చోటును చదును చేయసాగారు. అక్కడ సమాధులు కట్టరు. కన్నవాళ్లు గుర్తుకు పెట్టుకున్న ఇటుకలు, బంతి మొక్కలు ఉంటాయి. ఒకచోట గిలక్కాయ కూడా ఉండేది. అడ్డం వెళ్తే "నువ్వెవరు? కాగితం చూపించు" అని తోసేశారు. తెల్లవారాక వచ్చిన పోలీసులూ అదే అడిగారు. మున్సిపాలిటీ ఉద్యోగిని కాను, కాంట్రాక్టు మనిషినీ కాను. స్థలం తమదని మున్సిపాలిటీ రాసిస్తేనే కేసు అన్నారు. సర్వే అయితేనే రాసిస్తామని మున్సిపాలిటీ వాళ్లు అన్నారు. సర్వేయరు రాలేదు, జేసీబీ తెచ్చినవాళ్లు మాత్రం హద్దురాళ్లు పాతేశారు. తర్వాత ఒక తల్లి వచ్చి "అన్నా, మా బాబును ఎక్కడ పెట్టాం?" అని అడిగింది. చూపించలేకపోయాను. ఆమెకు ఏం చెప్పాలో మీరైనా చెప్పండి.

శ్మశానంలో ఇలా చొరబడటం, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షన్ కింద నేరం, ఏడాది వరకు జైలు. కానీ అది బెయిలు దొరికే నేరం. కళ్లెదుట నేరం చేసినవాణ్ణి మామూలు మనిషి పట్టుకోవడానికి అరెస్టులు, బెయిళ్ల పద్ధతి చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షన్ ఇచ్చిన వీలు బెయిలు దొరకని నేరాలకే. నేను పట్టుకుంటే తిరిగి నా మీదే కేసవుతుందని వకీలు గారు చెప్పారు. అడవిలో దుంగల దొంగను పట్టుకునే అధికారం అటవీ అధికారికి ఉంది. రైల్వే ఆస్తికి రైల్వే రక్షక దళం (ఆర్పీఎఫ్) ఉంది. చనిపోయినవాళ్ల జాగాకు ఎవరున్నారు?

లాఠీ అడగడం లేదయ్యా. నియామక పత్రం, గుర్తింపు కార్డు ఇవ్వండి. ప్రజాసేవకుడిగా గుర్తించండి, అప్పుడు విధుల్లో నా మీద చెయ్యి చేసుకుంటే, ప్రజాసేవకుడి మీద దాడికి శిక్ష వేసే న్యాయ సంహిత 132వ సెక్షన్ వర్తిస్తుంది. చొరబడినవాణ్ణి పోలీసులు వచ్చేదాకా ఆపి ఉంచే అధికారాన్ని చట్టంలో రాయించండి. ఎప్పటినుంచో అడుగుతున్న జీతం సంగతి కూడా చూడండి. ఇవన్నీ ఆలస్యమైనా సరే, ముందు సర్వేయరును పంపండి. పిల్లల జాగాలో పాతిన రాళ్లు పీకించండి. ప్రహరీ ఇంకా కూలిపోయే ఉంది, వాళ్లు మళ్లీ వస్తారు.

ఇట్లు,
ఒక మున్సిపల్ శ్మశానవాటిక కాటికాపరి