పావడా బొందు కింద మచ్చను చూసిన అక్కకు, ఇంకా చాలామందికి

అమ్మ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసింది. జ్వరం లేదు, ఆయాసం లేదు. నిన్న రాత్రి సంగటి ముద్ద, చెనక్కాయల చట్నీ అడిగి మరీ పెట్టించుకుంది. ఫోన్ చేసి కనుక్కున్న వాళ్లందరికీ విడివిడిగా చెప్పడం నా వల్ల కావడం లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. పేర్లు మాత్రం పెట్టడం లేదు. పెట్టమంటారా అని ఒకరిద్దరిని అడిగితే, "వద్దు సార్, మా పని మేం చేశాం, మళ్లీ ఆఫీసులో ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు" అన్నారు. కాబట్టి ఎవరికి వాళ్లే చదువుకుని, ఇది మన గురించే అని తెలుసుకోవాలి.

మొదటి దండం మా ఊరి ఆశా అక్కకి.

మాది చంద్రగిరి దగ్గర పల్లె. అమ్మకు రెండు పాడి ఆవులు. మన వైపు అసలు వానలు కార్తీకంలోనే కదా, ఆ వానలకు కాలవ గట్ల మీద, కయ్యల మధ్య గడ్డి నడుము ఎత్తుకి లేచింది. రోజూ తెల్లారేసరికి కొడవలి పట్టుకుని గట్టు మీద ఉంటుంది మా అమ్మ. జ్వరం తగులుకున్నప్పుడు మొదట ఎవరూ పట్టించుకోలేదు, వానాకాలంలో అందరికీ వచ్చేదే కదా అని. తగ్గకపోయేసరికి టౌనులో ఒక క్లినిక్‌కి తీసుకెళ్లాం. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు తగ్గాయి, డెంగ్యూ లాగా ఉందన్నారు. వైడల్ టెస్టు పాజిటివ్ వచ్చింది, టైఫాయిడ్ కూడా ఉందన్నారు. పూటకొక సూది పొడిచారు, గ్లూకోజు ఎక్కించారు. జ్వరం ఒక్క డిగ్రీ కూడా దిగలేదు. తలనొప్పికి అమ్మ కళ్లు తెరవలేకపోయేది. ఆ తర్వాత నాలుగు అడుగులు వేస్తే ఆయాసం మొదలైంది.

ఆ టైంలో ఇంటింటి జ్వరాల సర్వేకి ఆశా అక్క వచ్చింది. చేతిలో రిజిస్టరు, భుజాన సంచి. అందరిలా "ఎన్నాళ్ల నుంచి జొరం?" అని రాసుకుని పోలేదు. అమ్మ పక్కన మంచం మీద కూర్చుని, "గడ్డికి ఏ గట్టు మీదికి పోతున్నావు పెద్దమ్మా?" అని అడిగింది. అది విని నాకు ఒళ్లు మండింది, జ్వరానికీ గట్టుకీ ఏం సంబంధం అని. నన్ను బయటికి పొమ్మని తలుపు వేసింది. కాసేపటికి లోపలి నుంచి అమ్మ గొంతు: "అది బొందు ఒరుసుకున్న పుండేలే తల్లీ, దానికేం మందు?"

పావడా బొందు ముడి పడే చోట, నడుము పక్కన, చిక్కుడు గింజంత నల్లటి చెక్కు. చుట్టూ ఎర్రగా. నొప్పి లేదు, దురద లేదు, కాబట్టి అమ్మకు అది లెక్కలోనే లేదు. అక్క దాన్ని చూసిన వెంటనే పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టరుకు ఫోన్ చేసింది. అంతకు ముందే ఆయన ఆశాలందరికీ ఫోన్లలో ఆ మచ్చ ఫొటోలు పంపి, జ్వరం ఉన్నవాళ్ల చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, నడుము చుట్టూ చూడమని చెప్పి ఉన్నారట.

ఆ జబ్బు పేరు స్క్రబ్ టైఫస్. ఆ మధ్య టీవీల్లో ప్రాణాలు తీసే కొత్త వైరస్ అన్నట్టు గొంతు చించుకున్నారు చూడండి, అదే. అది వైరస్ కాదు, కొత్తదీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా అడవుల్లో సైనికులు దీంతో చాలామంది పడకెక్కారు. ఇది బాక్టీరియా వల్ల వచ్చే జ్వరం. గడ్డిలో, పొదల్లో ఉండే నల్లి జాతి పురుగు (మంచాల్లో ఉండే నల్లి కాదు), అది కూడా పిల్ల దశలో ఉన్నది, కంటికి ఆననంత చిన్నది, ఆ దారిన పోయే ఎలుకనో మనిషినో అంటుకుంటుంది. ఒంటి మీద పాకి బట్ట బిగుతుగా ఉన్న చోట ఆగి కుడుతుంది. వారం పది రోజులకు జ్వరం మొదలవుతుంది. ఒకరి నుంచి ఒకరికి అంటదు. ప్లేట్‌లెట్లు ఇందులోనూ పడిపోతాయి, అందుకే డెంగ్యూ అనుకోవడం చాలా సులువు.

ఇదంతా నాకు ఓపికగా చెప్పింది ఆ పీహెచ్‌సీ డాక్టరే. బయట ఓపీలో జనం లైను కట్టి ఉన్నారు, అయినా చెప్పారు. ఈ బాక్టీరియా మన ఒంట్లోని కణాల లోపలికి దూరి బతుకుతుందట, దాని పైగోడ కూడా మామూలు బాక్టీరియాల గోడలాంటిది కాదట. అందుకే అంతకు ముందు పొడిచిన ఖరీదైన సూదులు దాని మీద పనిచేయలేదు. పనిచేసేది డాక్సీసైక్లిన్. ఏ మందుల షాపులోనైనా దొరికేది, ఒక్కో మాత్రకు కొన్ని రూపాయలు. ఆయన రిపోర్టుల కోసం చూడలేదు. మచ్చ చూశారు, మొదటి మాత్ర అక్కడే ఆయన ముందే మింగించారు. "టెస్టు పంపుదాం, కానీ టెస్టు వచ్చేదాకా మందు ఆపకూడదు" అన్నారు. ఆ ఒక్క మాటకు ఆయనకు ఎన్ని సార్లు థాంక్స్ చెప్పినా తక్కువే. చేతి వేలికి పెట్టే మిషన్‌లో ఆక్సిజన్ తక్కువ చూపించడంతో తిరుపతి రుయా పెద్దాసుపత్రికి చీటీ రాసి, 108కి ఆయనే ఫోన్ చేశారు.

క్లినిక్ డాక్టరును తిట్టమని మా బంధువులు నన్ను బాగానే ఎగదోశారు. నాకు తిట్టాలని లేదు. మగ డాక్టరు, బయట యాభై మంది, ఎదురుగా కొంగు నిండా కప్పుకుని ముడుచుకుని కూర్చున్న పల్లెటూరి ముసలామె. ఆయన ఎక్కడ చూస్తాడు, ఈమె ఎక్కడ చూపిస్తుంది? కొడుకుని, నేనే అడగలేను. ఆడవాళ్లలో ఈ మచ్చ రొమ్ముల కింద, పొట్ట మీద, నడుము దగ్గర ఉండటం ఎక్కువట, ఎవరికీ కనపడకుండా పోయేది కూడా అందుకేనట. ఇలాంటి చోట ఒక ఆడమనిషి తలుపు వేసి రెండు నిమిషాలు చూడటం కంటే పెద్ద స్కానింగు లేదని నాకు ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది. ఆ పని చేసింది నెలకు 10,000 రూపాయల గౌరవ వేతనం తీసుకునే మనిషి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలోని ఆశాలందరికీ కలిపి ఒక అవార్డు ఇచ్చింది. ఆ సంగతి అక్కకు చెబితే నవ్వి, "అదేమో గానీ, సర్వేకి పోతే కొన్ని ఇళ్లల్లో గేటు కూడా తీయరబ్బా" అంది. దయచేసి తీయండి.

108లో వచ్చిన ఇద్దరికీ. మా వీధి మలుపులో బండి తిరగదని తెలిసి స్ట్రెచరు చేతుల మీద మోసుకొచ్చారు. దారి పొడుగునా ఆక్సిజన్ పెట్టి, అమ్మను మాటల్లో పెట్టి ఉంచారు. ఆవులు ఎన్ని లీటర్లు ఇస్తాయో, పాల కేంద్రంలో వెన్న శాతం ఎంత వేస్తారో, ఆ కుర్రాడికి అన్నీ కావాలి. మొదట విసుగు అనుకున్నాను. అమ్మ స్పృహ ఎలా ఉందో చూడటానికే అడుగుతున్నాడని తర్వాత అర్థమైంది.

రుయా గురించి మన ఊళ్లలో రకరకాలుగా మాట్లాడుకుంటారు. నేను చూసింది నేను రాస్తాను. ఎమర్జెన్సీలో పీజీ చదువుతున్న డాక్టరమ్మ చీటీ చదవగానే మళ్లీ తెర అడ్డం పెట్టించి మచ్చ స్వయంగా చూసుకుంది. ఊపిరితిత్తుల్లోకి దిగిందని, డాక్సీసైక్లిన్‌తో పాటు అజిత్రోమైసిన్ కూడా ఇస్తామని చెప్పింది. రెండూ ఎందుకని అడిగాను. జబ్బు ముదిరిన వాళ్లకు ఒక్కో మందు విడిగా ఇచ్చిన దానికంటే రెండూ కలిపి నరానికి ఇస్తే మేలని 2023లో తేలిందట. మన పక్కనే వేలూరు సీఎంసీ ఆసుపత్రి డాక్టర్లు ముందుండి, దేశంలో 7 ఆసుపత్రుల్లో చేసిన పరిశోధన అది. విదేశాల నుంచి వచ్చిన పుస్తకంలో చదివి కాకుండా, మనలాంటి రోగుల మీదే చూసి తేల్చిన సంగతి మా అమ్మ సెలైన్ బాటిల్ దాకా వచ్చిందంటే నాకు భలే అనిపించింది. ఆ పరిశోధనలో చేరడానికి ఒప్పుకున్న రోగులకు కూడా ఇక్కడే ఒక దండం. వాళ్లెవరో నాకు తెలియదు, వాళ్లకు మా అమ్మ తెలియదు.

రాత్రి డ్యూటీ నర్సమ్మ గురించి ఒక మాట. జ్వరం చార్టు మీద గంట గంటకూ రాసేది. మందు పడిన రెండో రోజు జ్వరం జారడం మొదలైతే, మా కంటే ముందు ఆమె మొహం వెలిగింది. ఈ జ్వరం ఇంతేనట, సరైన మందు పడితే 48 గంటల్లో దిగిపోతుంది, దిగకపోతే జబ్బు ఇదేనా అని మళ్లీ ఆలోచిస్తారట. స్క్రబ్ టైఫస్ రక్తపరీక్ష (ఐజీఎం ఎలైజా) రిపోర్టు ఆ తర్వాత వచ్చింది, పాజిటివ్ అని. అప్పటికి అమ్మ కాఫీ అడుగుతోంది.

ప్లేట్‌లెట్లు కావాలేమోనన్న టెన్షన్‌లో నేను గ్రూపుల్లో మెసేజ్ పెట్టాను. యూనివర్సిటీ హాస్టలు నుంచి కుర్రాళ్లు బండ్ల మీద వచ్చేశారు, ఇద్దరు పరీక్షలు పెట్టుకుని కూడా. తీరా డాక్టరు, రక్తం కారడం లేదు, అంకె పదివేల దిగువకు పడలేదు, ఎక్కించే పనే లేదన్నారు. వచ్చిన వాళ్లు ఊరికే వెళ్లలేదు. "వచ్చాం కదన్నా" అని బ్లడ్ బ్యాంకులో రక్తం ఇచ్చి, టీ కూడా తాగకుండా పోయారు. అది ఎవరికి ఎక్కిందో మనకు తెలియదు. తమ్ముళ్లూ, పరీక్షలు ఎలా రాశారు?

అన్నప్రసాదం వడ్డించిన వాళ్లకు, లిఫ్టు దగ్గర చక్రాల కుర్చీ వెతికి తెచ్చిన వార్డు ఉద్యోగికి, మేం ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ మా ఆవులకు పాలు పిండి, మేత వేసి, కేంద్రంలో పోసి, డబ్బులు పైసాతో సహా లెక్క కట్టిచ్చిన పక్కింటి మామకు కూడా. మామ ఇప్పుడు గట్టు మీదికి చేతులు నిండా ఉన్న చొక్కా, ప్యాంటు మడమల దాకా దించి, బూట్లేసుకుని పోతున్నాడు. తిరిగొచ్చి బట్టలు వేడినీళ్లలో వేసి, సబ్బుతో ఒళ్లు రుద్దుకుంటున్నాడు. అమ్మకు కూడా బూట్లు కొన్నాను. అవి అటక మీద ఉన్నాయి.

మీ ఇంట్లో ఎవరికైనా జ్వరం నాలుగైదు రోజులు దాటి, వాళ్లు చేలో, గట్ల మీద, పొదల్లో తిరిగే మనుషులైతే, ఆ సంగతి డాక్టరుకు మీరే చెప్పండి. ఒంటి మీద నల్లచెక్కు ఉందేమో ఇంట్లో ఆడవాళ్లతో చూడమనండి. మచ్చ అందరికీ ఉండదు, లేకపోయినా ఈ జబ్బు ఉండొచ్చు, కాబట్టి స్క్రబ్ టెస్టు అవసరమా అని అడగడానికి మొహమాటపడొద్దు. మాత్రలు మాత్రం సొంతంగా కొనుక్కుని మింగకండి. గర్భిణులు, చిన్నపిల్లలు ఉంటే ఏ మందు, ఎంత అన్నది డాక్టరే చూడాలి.

ఇక చివరగా, వార్డులో మా పక్క మంచం పీలేరు వాళ్లకు. వాళ్ల నాన్నకు బాగా లేక వాళ్లే సగం ప్రాణంతో ఉన్నారు, అయినా మాకు దుప్పటి ఇచ్చారు, నేను మందులకు దిగినప్పుడల్లా అమ్మను చూసుకున్నారు, రాత్రి వేడినీళ్లు కావాలంటే ఫ్లాస్కు ఇచ్చారు. మేం డిశ్చార్జి అయిన రోజు వాళ్లు స్కానింగుకు వెళ్లి ఉన్నారు, నంబరు తీసుకోవడం కుదరలేదు. అన్నా, మీ స్టీలు ఫ్లాస్కు మా సంచిలో వచ్చేసింది. నాన్నగారికి ఎలా ఉందో ఒక్క మెసేజ్ పెట్టండి, అడ్రసు చెబితే నేనే తెచ్చిస్తాను. అమ్మ అందులో నెయ్యి పోసి పంపుతానంటోంది, వద్దంటే వినడం లేదు. మూత వాసన పట్టేస్తే నన్ను అనొద్దు.